రికార్డులో బంజరు, గుట్ట మీద అడవి

ముప్పై ఏళ్ల కాపలాతో తిరిగి వచ్చిన కల్పవల్లి

చెన్నేకొత్తపల్లి: అనంతపురం పీఠభూమిలో పచ్చదనం అనేది మూడు నెలల ముచ్చట. తొలకరికి నాలుగు చినుకులు రాలితే గుట్టలు లేత పచ్చగా కనబడతాయి. సంక్రాంతి దాటేసరికి మళ్లీ రాయీ, ఎర్రమట్టీ మిగులుతాయి. ఇటువంటి సీమలో ముష్టికోవెల వైపు గుట్టలెక్కి చూసినవారికి వేరే దృశ్యం ఎదురవుతుంది. మంచి వానలు పడిన ఏడాది నడుము దాకా పెరిగే గడ్డి, వంకల వెంట బారులు తీరిన ఈతచెట్లు, వాటి నడుమ కానుగ, వేప, సీతాఫలం. ఎక్కడో నెమలి కూత వినిపిస్తుంది. తోడేలు అడుగు జాడలు కూడా కనబడతాయి.

దీని పేరు కల్పవల్లి. చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం మండలాల గుట్టల్లో 7,000 ఎకరాలకు పైబడి వ్యాపించిన ఈ అడవి సర్కారు నాటించినది కాదు. ముష్టికోవెల, కోగిర మొదలైన చుట్టుపక్కల గ్రామాల ప్రజలు 1990 దశకం తొలి ఏళ్ల నుండి కాపలా కాసి తిరిగి రప్పించుకున్నది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించినప్పుడు ఈ మండలాలు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. జిల్లా పేరు మారినా నేల మారలేదు, కరువూ మారలేదు.

కాగా, ఇంత చేసినా ఈ భూమి రెవెన్యూ లెక్కల్లో బంజరుగా నమోదైనదే. ఆ ఒక్క మాట ఈ అడవికి ఎంత చేటు తెచ్చిందో తెలుసుకుంటే, సొంత గుట్టలున్న ప్రతి గ్రామమూ తన రికార్డు ఒకసారి తిరగేసి చూసుకుంటుంది.

గుట్టలు బోడివైన తీరు

నైరుతి ఋతుపవనాలు తమ నీటిని చాలా మటుకు పడమటి కనుమల దగ్గరే దించుకుని పొడిగాలిగా ఇటు వస్తాయి. ఈశాన్య ఋతుపవనాలు బంగాళాఖాతం నుండి ఇంత దూరం చేరేసరికి వాటి బలం తగ్గిపోతుంది. అటూ ఇటూ కాని ఈ నేలకు ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత అతి తక్కువ వర్షం పడే జిల్లాగా ఉమ్మడి అనంతపురానికి పేరు పడింది.

అయితే వాన తక్కువ కావడం ఒక్కటే గుట్టలు బోడివి కావడానికి కారణం కాదు. వంటచెరకుకు, బొగ్గుకు చెట్లు కొట్టారు. మోడు నుండి చిగురు వస్తే మేకలు కొరికాయి. కొత్త గడ్డి త్వరగా వస్తుందని వేసవిలో నిప్పు పెట్టారు. చెలకల్లో కొర్ర, సజ్జ, ఆరికల చోటును వేరుశనగ ఆక్రమించింది. వేరుశనగ పోయిన ఏడాది రైతుకు గింజ పోయింది, పశువుకు మేతా పోయింది. అప్పుడు పశువులన్నీ గుట్టల మీదనే పడ్డాయి.

కప్పు లేని ఎర్రనేల మీద వాన చినుకు నేరుగా తగులుతుంది. మెత్తని మన్ను కరిగి, ఆరగానే పైన గట్టి పొర కడుతుంది. ఆ పొర మీద పడిన నీరు ఇంకదు. జారి వంకలో పడుతుంది. పడేటప్పుడు మట్టిని కూడా వెంట తీసుకుపోయి చెరువు పూడుస్తుంది. గంట సేపు వరద, వారం తిరిగేసరికి కరువు. బుక్కపట్నం చెరువు వంటి గొప్ప చెరువులను విజయనగర రాజుల కాలంలోనే కట్టుకున్న ప్రాంతమిది. చెరువుకు కట్ట ఎంత ముఖ్యమో, పైన ఉన్న గుట్ట అంత ముఖ్యం. గుట్ట బోడిదైతే చెరువుకు ఆయుష్షు తగ్గుతుంది.

32 ఎకరాలలో పరీక్ష

బబ్లూ అన్న పేరుతో ఎక్కువమందికి తెలిసిన సి.కె. గంగూలీ, ఆయన భార్య మేరీ వట్టమట్టం, వారి మిత్రులు కలిసి 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థను ప్రారంభించారు. చెన్నేకొత్తపల్లి దగ్గర వారు తీసుకున్న నేల 32 ఎకరాలు. అదీ బోడి నేలే. నేలను చీటికీ మాటికీ కదిలించకుండా వదిలితే అది తనను తాను బాగుచేసుకుంటుందని చెప్పిన జపాన్ రైతు మసనోబు ఫుకువోకా ఆలోచనలు వారికి దారి చూపాయి.

వారు మొదట చేసిన పని చెప్పుకుంటే చాలా చిన్నది. ఆ నేలలో ఎవరూ చెట్టు నరకకుండా, విచ్చలవిడిగా మేపకుండా, నిప్పు అంటుకోకుండా చూసుకోవడం. ఏళ్లు గడిచేకొద్దీ నేల తానే పచ్చబడసాగింది.

ఇందులో మాయ ఏమీ లేదు. చెట్టు కొట్టినా వేరు చావదు. గుట్టల మీద పొదల వేళ్లు రాళ్ల సందుల్లో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. ప్రతి వానకూ చిగురు వేస్తాయి, ప్రతిసారీ మేకో మంటో దానిని తీసేస్తుంది. రెండు మూడేళ్లు ఆ చిగురును వదిలితే అది మేక నోటికి అందని ఎత్తు అవుతుంది. పక్షులు వచ్చి వాలుతాయి, వాటి రెట్టలో కొత్త విత్తనాలు పడతాయి. ఆకు రాలి నేలకు కప్పు అవుతుంది. మొదటి చిగురును కాపాడితే తరువాతి పని చాలావరకు అడవే చేసుకుంటుంది.

ఈ అనుభవంతో ముష్టికోవెల గ్రామస్తులతో కలిసి ఊరి గుట్టల మీద అదే పని మొదలైంది. వేప, కానుగ, సీతాఫలం వంటి వాటి విత్తనాలు వానకు ముందు నేలలో గుచ్చారు. నీటి వాలుకు అడ్డంగా కందకాలు తీశారు, వంకలకు చిన్న కట్టలు వేశారు. ఒక గ్రామాన్ని చూసి మరొక గ్రామం చేరింది. ఈ గ్రామాల వారంతా కలిసి కల్పవల్లి చెట్ల పెంపకందారుల సహకార సంఘంగా ఏర్పడ్డారు.

నాటడం ఒకనాడు, కాయడం ఏడాదంతా

మొక్కలు నాటే కార్యక్రమాలకు మన జిల్లాలో కొదవ లేదు. గుంత తీయడం, మొక్క పెట్టడం, ఫొటో దిగడం అందరికీ తెలిసినవే. మరుసటి ఏడాది అదే గుంతలో మళ్లీ మొక్క పెట్టడమూ తెలిసినదే. కల్పవల్లిలో ఖర్చులో, శ్రమలో పెద్ద భాగం కాపలాకు పోతుంది.

ఈ అడవికి అన్నింటికంటే పెద్ద శత్రువు నిప్పు. వాన బాగా పడితే గడ్డి బాగా పెరుగుతుంది. గడ్డి బాగా పెరిగిన ఏడాదే మంట భయం కూడా ఎక్కువ. ఎండిన గడ్డిలో ఒక బీడీ ముక్క పడితే చాలు, గాలి వాటంగా గుట్ట తరువాత గుట్ట అంటుకుంటుంది. అందువల్ల గడ్డి పూర్తిగా ఎండకముందే అడవికి అడ్డంగా వెడల్పాటి బాటలా గడ్డి తీసి నేలను శుభ్రం చేస్తారు. మంట అక్కడికి వచ్చి తినడానికి ఏమీ లేక ఆగిపోవాలి. ఊళ్ల నుండి నియమించుకున్న కాపలాదారులు వేసవి అంతా గుట్టల మీద కన్ను వేసి ఉంచుతారు. పొగ లేచిందంటే చుట్టుపక్కల వారు పచ్చికొమ్మలు పట్టుకుని పరుగెత్తవలసిందే. ఆ ఎండలో, ఆ రాళ్లలో ఫైరింజను వచ్చే దారి ఉండదు.

గొర్రెలను అడవిలోకి రానివ్వరన్న మాట నిజం కాదు. మేతను పూర్తిగా నిషేధించి ఉంటే ఈ అడవి ఏనాడో కాపరులకు శత్రువు అయి ఉండేది. గొర్రెల సంఖ్యలో రాష్ట్రంలో ముందు వరుసలో నిలిచే ప్రాంతమిది. కాపరి బతకకుండా అడవి బతకదన్న సంగతి ఈ గ్రామాలకు తెలుసు. మేపవచ్చు గాని చెట్టు నరకరాదు, నిప్పు పెట్టరాదు అన్నదే కట్టుబాటు. కరువు ఏడాదిలో ఈ గడ్డి కోసం దూరపు ఊళ్ల మందలు కూడా వస్తాయి.

గడ్డి ఇచ్చిన బతుకు

గుట్ట మీద గడ్డి నిలిస్తే మొదట లాభపడేది నీరు. గడ్డి దుబ్బు తగిలి వాననీటి పరుగు తగ్గుతుంది, నీరు నేలలో దిగుతుంది. వంక ఒక్క పూటలో పారి ఎండిపోకుండా కొంతకాలం సన్నగా పారుతుంది. కింద చెరువులో మట్టి తక్కువగా చేరుతుంది. బోరుబావుల మీద అప్పులు చేసి మునిగిన రైతులున్న సీమలో దీని విలువ వేరే చెప్పనక్కరలేదు.

రెండవ లాభం చేతి పనికి. వంకల వెంట పెరిగిన ఈతచెట్ల ఆకులతో చాపలు, బుట్టలు అల్లుతారు. ఈనెలతో చీపుర్లు కడతారు. బోద గడ్డి ఇళ్ల కప్పుకు పనికి వస్తుంది. కానుగ, వేప గింజలు ఏరి అమ్ముకుంటారు. సీతాఫలం కాలంలో గంపలు నిండుతాయి. సెంటు భూమి లేని కుటుంబాలకు, ముఖ్యంగా ఆడవారికి, ఇది ఎవరినీ అడగనక్కరలేని ఆదాయం. పెద్ద మొత్తం కాకపోవచ్చు. అయినా చేలో పంట ఎండి, బెంగుళూరు బస్సు ఎక్కడమా మానడమా అని ఇల్లంతా ఆలోచిస్తున్న రోజుల్లో ఆ కాస్త ఆసరా నిలబెడుతుంది.

మూడవది వన్యప్రాణులు. పొదలు వచ్చిన చోటికి కుందేలు వచ్చింది. కుందేలు వెంట నక్క, తోడేలు వచ్చాయి. ఎలుగుబంట్లు, చిరుతలు కూడా ఈ గుట్టల్లో తిరుగుతున్నాయి. తోడేలు గొర్రెను పట్టుకుపోయిన నాడు కాపరికి కడుపు మండుతుంది, అది సహజం. కాని గడ్డీ, గొర్రే, తోడేలూ కలిసి ఉన్న ఇటువంటి మెట్ట గడ్డిభూములు దేశంలో తరిగిపోతున్నాయి. తోడేలుకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చోటు ఉంది. అది తిరిగే గడ్డి నేలకు మాత్రం ఏ షెడ్యూలులోనూ చోటు లేదు.

గాలిమరల దారులు

ఆ లోపం ఎంతటిదో 2010 తరువాత తెలిసి వచ్చింది. రామగిరి ప్రాంతం గాలికి పేరు పొందినది. గాలిమరలు అక్కడికి 1990 దశకంలోనే వచ్చాయి. బొగ్గు కాల్చకుండా కరెంటు పుట్టించే గాలిమరను కాదనేవారు ఎవరూ లేరు. చిక్కు అంతా దానిని ఎక్కడ, ఎట్లా నిలబెట్టారన్న దాని దగ్గర వచ్చింది.

గాలి బాగా వీచేది గుట్టల శిఖరాల మీద. కల్పవల్లి శిఖరాల మీద గాలిమరలు నిలబెట్టడానికి ఒక కంపెనీకి అనుమతి లభించింది. ఒక్కొక్క రెక్క ఎంతో పొడవు ఉంటుంది. దానిని మోసే బండి మలుపు తిరగాలంటే వెడల్పు దారి కావాలి. అందుకోసం గుట్టల పక్కలు చీల్చి రోడ్లు వేశారు. తవ్విన మట్టి, రాళ్లు వాలులోకి జారాయి. వానకు ఆ మట్టి వంకల్లోకి దిగింది. గడ్డి నేల ముక్కలు ముక్కలైంది. ఏళ్ల తరబడి అడుగు అడుగుకూ కాపలా కాసిన వాలు మీద యంత్రాలు కొద్ది నెలల్లో దారులు తీశాయి.

ఇది చట్టవిరుద్ధంగా జరిగిందా అంటే, కాగితాల మీద అడ్డుపడే నిబంధన ఏదీ లేకపోయింది. రికార్డులో అడవి అని ఉంటే అటవీ అనుమతి అడగాలి. రికార్డులో ఉన్నది బంజరు. పర్యావరణ ప్రభావం పరిశీలించాలన్న 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ జాబితాలో గాలి విద్యుత్తు లేదు. ముప్పై ఏళ్లుగా అడవిని కాస్తున్న గ్రామాలను సంప్రదించి తీరాలన్న నియమం కూడా ఎక్కడా అడ్డు రాలేదు. ఎందుకంటే బంజరుకు కాపలాదారు ఉంటాడని చట్టం ఊహించలేదు. చివరకు విషయం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

నేల మీద ఉన్నది ఒకటి, కాగితం మీద ఉన్నది ఒకటి. రెంటికీ తగవు వచ్చినప్పుడు కాగితమే గెలిచింది.

రాయి అనుకున్నది ప్రాణి అయింది

కాగితం మీద మాట మారితే నేల గతి మారుతుందా? మారిన ఉదాహరణ ఒకటి పొరుగు రాష్ట్రంలోనే ఉంది. అయితే అది గుట్టల మీద కాదు, సముద్రం అడుగున.

పగడం అంటే పల్లెల్లో నల్లపూసలతో గుచ్చే ఎర్రని పూసగా, జాతకం చూసి ఉంగరంలో పొదిగించుకునే రాయిగా తెలుసు. నిజానికి పగడం రాయి కాదు. సముద్రంలో గుంపులుగా బతికే చిన్న చిన్న జీవులు తమ ఒంటి చుట్టూ సున్నంతో కట్టుకున్న గూడు అది. ఆభరణాలకు వాడే ఎర్ర పగడానికి దూరపు చుట్టాలైన మరికొన్ని పగడపు జీవులు తీరాలకు దగ్గరగా, ఎండ తగిలే లోతులో వేల ఏళ్లపాటు గూడు మీద గూడు కడుతూ పోతాయి. అవే పగడపు దిబ్బలు. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండతో ఆహారం తయారుచేసి పగడానికి పెడుతుంది, పగడం దానికి ఇల్లు ఇస్తుంది. సముద్రపు అడుగులో నూటికి ఒక వంతు కూడా లేని ఈ దిబ్బల్లో సముద్ర జీవరాశుల రకాల్లో సుమారు నాలుగవ వంతు తలదాచుకుంటాయి. చేప పిల్లకు అది పురిటిల్లు. అలల దెబ్బ నుండి తీరాన్ని కాచే కట్ట కూడా అదే.

పగడానికి తేట నీరు కావాలి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు కలిసిన నీటిలో ఎండ లోతుకు దిగదు. ఆంధ్ర తీరంలో పెద్ద పగడపు దిబ్బలు పెరగకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. తమిళనాడులో తూత్తుకుడి, రామేశ్వరం మధ్య ఉన్న మన్నార్ సింధుశాఖలో 21 దీవుల చుట్టూ ఇవి పెరిగాయి.

ఆ తీరంలో చాలాకాలం పగడపు దిబ్బను రాయిగానే చూశారు. బండల్లా తవ్వి ఇళ్లకు వాడారు. బట్టీల్లో కాల్చి సున్నం చేశారు. 1986లో ఆ దీవులను జాతీయ సముద్ర పార్కుగా ప్రకటించినా తవ్వకం పూర్తిగా ఆగలేదు. దిబ్బ పోయిన చోట అల నేరుగా దీవిని తాకింది. 21 దీవుల్లో రెండు నీట మునిగాయి.

2001లో గట్టి పగడాలన్నింటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పెద్దపులి ఉన్న జాబితా అది. ఆనాటి నుండి పగడం రాయి కాదు, ప్రాణి. దానిని తవ్వడం వేట కిందికి వచ్చింది. 2004 సునామీ తరువాత తవ్వకం దాదాపు నిలిచిపోయింది. తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వారు 2002 నుండి దిబ్బలను తిరిగి పెంచే పని చేస్తున్నారు. బతికి ఉన్న పగడపు కొమ్మ నుండి చిన్న తుంట తీసి, సిమెంటు పలక మీద కట్టి, నీటి అడుగున ఉంచుతారు. గులాబీ అంటు కట్టినట్టే. కొమ్మలుగా పెరిగే రకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు సాగుతాయి, గుండుగా పెరిగే రకాలు ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ. ఓపిక లేనివారు చేయగల పని కాదు.

ఇండొనేషియాలోని సులవేసి దీవి దగ్గర మందుగుండు పేల్చి చేపలు పట్టడం వల్ల దిబ్బలు కంకరగా మిగిలాయి. స్థానికులు ఆరు కోణాల ఇనుప చట్రాలకు పగడపు తుంటలు కట్టి ఆ కంకర మీద పరిచారు. నాలుగేళ్లలో ఆ దిబ్బ ఎదుగుదల ఆరోగ్యంగా ఉన్న దిబ్బతో సమానమైందని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒకప్పుడు దిబ్బను పాడుచేసిన తీరంలోనే దిబ్బను పెంచడం కొందరికి ఉపాధి అయింది.

అయితే సముద్రానికి కూడా తనదైన నిప్పు ఉంది. నీరు మామూలు కంటే వేడెక్కితే పగడం తన ఒంట్లోని నాచును వెళ్లగొట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 2023లో మొదలైన వేడి ప్రపంచంలోని దిబ్బల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా తాకింది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఏళ్ల తరబడి పెంచిన పగడపు నారు కూడా ఆ వేసవిలో చాలావరకు చచ్చిపోయింది. కనుకనే నాటడం ఒక్కటే చాలదు, నాశనం చేసే కారణాన్ని ఆపాలని ఆ పని చేసేవారు పదే పదే చెబుతున్నారు. కల్పవల్లి కాపలాదారుకు ఈ మాట ఎవరూ చెప్పనక్కరలేదు.

మన్నార్ పగడానికి, ముష్టికోవెల గడ్డికి ఒక్కటే తేడా. అక్కడ రాయి అన్న తప్పుడు పేరును చట్టం తుడిచివేసింది. ఇక్కడ బంజరు అన్న పేరును తుడిచేవారు లేరు.

ఊళ్లకు ఉన్న అవకాశాలు

చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవలసిన పని లేదు. ఇప్పుడున్న చట్టాల్లోనే గ్రామాలు పట్టుకోదగిన దారులు కొన్ని ఉన్నాయి.

మొదటిది 2002 నాటి జీవవైవిధ్య చట్టం. దీని ప్రకారం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊరి పరిధిలో ఏ చెట్లు, ఏ గడ్డి, ఏ జంతువులు, ఏ మందుమొక్కలు ఉన్నాయో, వాటి గురించి పెద్దలకు ఏమి తెలుసో ఒక రిజిస్టరులో రాయించడం ఆ కమిటీ పని. చాలాచోట్ల ఈ కమిటీ కాగితం మీద ఉండి, రిజిస్టరు బీరువాలో ఉంటుంది. బంజరు అని రాసిన సర్వే నంబరులో తోడేలు గుహ ఉందని, నూరు రకాల గడ్డీ మొక్కా ఉన్నాయని ఊరే రాసి పెట్టుకుంటే, రేపు ఎవరైనా అక్కడ ఏమీ లేదన్నప్పుడు చూపడానికి ఒక కాగితం ఉంటుంది. చదువుకుని ఊళ్లో ఉన్న పిల్లలు, చదువు రాకపోయినా ప్రతి మొక్క పేరూ తెలిసిన కాపరులు పక్కపక్కన కూర్చుని చేయదగిన పని ఇది.

రెండవది అదే చట్టంలోని 37వ సెక్షను. విశిష్టమైన ప్రదేశాలను స్థానిక సంస్థలతో సంప్రదించి జీవవైవిధ్య వారసత్వ స్థలాలుగా రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవచ్చు. అడగడానికి పంచాయతీ తీర్మానం మొదటి మెట్టు.

మూడవది ఉమ్మడి భూములపై సుప్రీంకోర్టు తీర్పు. జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న ఇచ్చిన ఆ తీర్పులో గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణల నుండి విడిపించి గ్రామ ప్రజల ఉపయోగానికి తిరిగి అప్పగించే పథకాలు తయారు చేయాలని న్యాయస్థానం రాష్ట్రాలను ఆదేశించింది. మేతబీడు, చెరువు, వాగు పోరంబోకు ఉన్న గ్రామాలు ఈ తీర్పును తెలిసి ఉంచుకోవడం మేలు.

నాలుగవది కూలి పని. దేశమంతటా అమలైన గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఆ తరువాత జిల్లాలో తీసిన కందకాలకు, ఊట కుంటలకు లెక్క లేదు. కందకం తీయడానికి కూలి దొరికింది గాని, ఆ కందకం వెంట మొలిచిన చిగురును కాయడానికి ఎవరికీ జీతం దొరకలేదు. కూలి పథకం ఏ పేరుతో ఉన్నా, కాపలాను కూడా పనిగా గుర్తించి కూలి కట్టించాలని గ్రామసభలు అడగవలసి ఉంది. గుంత లెక్కకు వస్తుంది, కాపలా లెక్కకు రాదు అన్నది పాత పొరపాటు.

ఐక్యరాజ్యసమితి 2021 నుండి 2030 వరకు పదేళ్లను పాడైన ప్రకృతిని పునరుద్ధరించే దశాబ్దంగా ప్రకటించింది. అడవులకు, గడ్డి నేలలకు, పగడపు దిబ్బలకు అన్నింటికీ ఇది వర్తిస్తుంది. ఇటువంటి పనులకు నిధులు, నిపుణులు వెతుక్కుంటూ వచ్చే కాలమిది. వచ్చినవారు ముందుగా అడిగేది భూమి ఎవరిదని, కాసేది ఎవరని. రెండవ దానికి ఊళ్ల దగ్గర జవాబు ఉంది. మొదటి దానికి మండల ఆఫీసులో వెతకాలి.

మొదట చేయవలసిన పని

కరువు సీమలో ప్రతి ఊరికీ ఒక గుట్ట ఉంటుంది. దాని మీద ఒకప్పుడు ఏయే చెట్లుండేవో చెప్పగల ముసలివారు ఇంకా ఒకరిద్దరు ఉంటారు. ఆ గుట్ట సర్వే నంబరు ఎంత, అడంగల్‌లోనూ ఆర్‌ఎస్‌ఆర్‌లోనూ దాని ఎదుట ఏమని రాసి ఉందో చూసుకోవడం పైసా ఖర్చు లేని పని. ఆ తరువాత మూడేళ్లు నిప్పు పడకుండా చూసుకుంటే, ఆ గుట్టలో ఇంకా ప్రాణం ఉందా లేదా అన్నది తేలిపోతుంది.

కల్పవల్లి గ్రామాల వారు 1990లలో ఇంతకంటే ఎక్కువ ఏమీ తెలిసి మొదలుపెట్టలేదు. వారి గుట్టల మీద నేడు రోడ్డు గాట్లు ఉన్నాయి, ఆ గాట్ల పక్కనే మళ్లీ గడ్డి లేస్తోంది. గడ్డికి తన పని తెలుసు. దానికి సరైన పేరు రాయవలసిన పని మాత్రం ప్రభుత్వానిది. ఆ పని ఇకనైనా జరగాలి.